నూటొక్క బిందెల పంతం

ఆ మంగళవారం పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి. ఒక పాత వ్యాను. అదే నా ఇల్లు, అదే నా అంగడి. అరచేతికి కట్టు కట్టుకున్న భార్య. ఉదయగిరి బస్టాండులో నలభైమంది ముందర నేను అన్న ఒక మాట. ఆ మాట వెనక్కి తీసుకోనని మొండికేసినందుకు, సాయంత్రంలోగా వ్యాను ఉంటుందో పోతుందో తేలాల్సిన పందెం.

ఆ మాట ఎందుకు అన్నానో చెప్పాలంటే వ్యాను కప్పు దగ్గర మొదలుపెట్టాలి.

దుప్పట్లు, లుంగీలు, చీరలు వేసుకుని ఆత్మకూరు నుంచి అనంతసాగరం, ఉదయగిరి, వరికుంటపాడు పల్లెల మీదుగా తిరిగే వ్యాపారం నాది. ఏ ఊళ్ళో పొద్దుపోతే ఆ ఊళ్ళోనే వ్యానులో వంట, వ్యానులో పడక. ఎనభై మూడులో, గిరాకీ పెరగాలంటే నోరు ఒక్కటే చాలదని తెలిసింది. కప్పు మీద రెండు మైకు హారన్లు, ఒక ట్యూబులైటు పెట్టించాలనుకున్నాను. ఉదయగిరిలో మైకుసెట్ల పిచ్చయ్య నాకు పదేళ్ళ స్నేహితుడు. కప్పెక్కి రేకుకి నాలుగు బొక్కలు కొట్టాడు. వాటిల్లోంచి తీగలు లోపలికి దించాడు. బొక్కలు పూడ్చడానికి సున్నం తెచ్చాడు.

అవును, సున్నమే. పిచ్చయ్య తాత, తండ్రి ఆ ప్రాంతంలో సగం మిద్దెలకు కప్పు వేసినవాళ్ళు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి నూరితే ఆ గార వందేళ్ళు నిలుస్తుందని ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. “కొండ మీద కోట జూడు బర్కతూ, ఎన్ని వానలు తిన్నిందో. ఇదే గార,” అన్నాడు. నేనూ తలూపాను. మిద్దె ఉన్నచోటే ఉంటుందని, వ్యాను గుంతల్లో ఎగిరెగిరి పడుతుందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

పది రోజులకు మొదట చీమలు వచ్చాయి. బెల్లం వాసనకు కప్పెక్కి, గారలో పడిన సన్నటి నెర్రెల్లో దూరి, తీగ పట్టుకుని బారుగా లోపలికి దిగాయి. చీమ దూరిన చోట నీళ్ళు దూరవా? పేట దర్గా ఉరుసు నాడు పందిట్లోంచి కరెంటు లైను తీసుకుని ట్యూబులైటు వెలిగించాను. ముసురు పట్టింది. నీళ్ళు నెర్రెల్లోకి దిగాయి. రేకు అంచు కోసుకుని అప్పటికే తోలు ఊడిన తీగ తడిసింది. కరెంటు వ్యాను ఒంటినిండా పాకింది. నా భార్య కరీంబీ తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి తలుపు పిడి పట్టుకుంది.

బతికింది. కుడి అరచెయ్యి కాలింది.

రెండోనాడు ఉదయగిరి బస్టాండులో పిచ్చయ్యను నిలబెట్టి అన్నాను. “వీడికి బొక్క కొట్టేది తెలుసు, పూడ్చేది తెలీదు. వీడి చేతికి తీగ ఇస్తే పెళ్ళికి పోయినోళ్ళు పాడె మీద వస్తారు.” కోపంలో నోరు జారిందని చెప్పను. ఎక్కడ నిలబడి అరిస్తే ఎంతమందికి వినబడుతుందో వ్యాపారికి కోపంలో కూడా తెలుస్తుంది. ఆ నెల పెళ్ళిళ్ళకు పిచ్చయ్య మైకుసెట్టు గడప దాటలేదు. మాట వెనక్కి తీసుకోమని మనుషుల్ని పంపాడు. తీసుకోనన్నాను. చివరికి పంతం పంపాడు. రేకుకి బొక్క పడినాక తీగ వెంట నీళ్ళు దిగకుండా ఆపేవాడు ఈ తాలూకాలో పుట్టలేదని, అందులో తన తప్పేమీ లేదని, ఉంటే నేనే చేసి చూపించాలని. నూటొక్క బిందెల నీళ్ళు కప్పు మీద పోస్తారు. కారితే వ్యాను వాడిది.

ఒప్పుకున్నాను. కరీంబీని అడగలేదు.

* * *

ముందునాడే ఆత్మకూరులో పద్మావతమ్మగారి రైసుమిల్లు కళ్ళంలో వ్యాను పెట్టాము. హోల్‌సేలు కిరాణా, మిల్లు రెండూ ఆమెవే. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె తక్కెడ పట్టుకుంటే ఇదేమిటని అడిగే వ్యాపారి, ఆమెను మోసం చెయ్యగలిగే వ్యాపారి ఆ ఊళ్ళో లేడు. అందుకే పిచ్చయ్యా నేనూ ఇద్దరం ఆమెనే తీర్పుకి ఒప్పుకున్నాము. మిల్లు నీడలో కుర్చీ వేయించుకుని, ఒళ్ళో ఒక గిన్నె నిండా చింతగింజలు పెట్టుకుని కూర్చుంది. జనం చుట్టూ మూగారు. ఆడవాళ్ళు దూరంగా గోడ వారన నిలబడ్డారు. వాళ్ళలో కరీంబీ కూడా ఉంది.

“ఒప్పందం ఒక్కసారే జెప్తా. మళ్ళీ అడగబాకండి,” అంది పద్మావతమ్మ. “నూటొక్క బిందె. బిందెకొక గింజ. తీగ దిగిన బొక్కల్లో ఒక్క చుక్క కారినా వ్యాను పిచ్చయ్యది. కారకపోతే, నాకు పని రాదని పిచ్చయ్య ఈడనే తన నోటితో జెప్పాల. సరేనా?”

“తీగ బొక్కలని దేనికి పెద్దమ్మా?” అన్నాడు పిచ్చయ్య. “యాడ పడినా చుక్క చుక్కే గదా.”

“పందెం నువ్వు కట్టిందే తీగల మీద. నువ్వు కబురంపిన మాటనే నేను జెప్తుండా. ఇప్పుడు దాన్ని సాగదీస్తే నేను లేచి అంగడికి పోతా.”

పిచ్చయ్య నోరు మూసుకుని నిచ్చెన ఎక్కాడు. నా పని చూడడానికి. పైకెక్కి నడుం మీద చేతులు పెట్టుకుని గట్టిగా నవ్వాడు.

“ఇదేందిరా బర్కతూ? నలుగురు ముసిలోళ్ళు చేతికర్రలు నీ కప్పు మీద మర్చిపోయి పోయినారా?”

జనం నవ్వారు. నవ్వాల్సిన పనే అది. బొక్క ఉన్న ప్రతిచోటా ఒక ఇనప గొట్టం, చేతికర్ర పిడిలా వంగి, నోరు నేలకేసి పెట్టుకుని నిలబడి ఉంది.

“నవ్వుకో,” అన్నాను. “నువ్వు బొక్క కొట్టినప్పుడు రేకు అంచు కిందికి వంగింది. నీళ్ళకు నువ్వే దారి జూపించినావు. నేను ఆ అంచు పైకి లేపించినాను. బాయికి ఒర దేనికి కట్టేది? బయటి నీళ్ళు లోపలికి పడకుండా. అంతే. దాని మీద గొట్టం. గొట్టం కింద సైకిల్ ట్యూబు రబ్బరు. తీగ కింది నుంచి గొట్టం నోట్లోకి ఎక్కి లోపలికి దిగతాది. నీళ్ళు కిందికి నడుస్తాయి గానీ పైకెక్కవు గదరా.”

“తీగ వెంట ఎక్కతాయి.”

“తీగను చూడు. గొట్టం నోటికంటే జానెడు కిందికి ఉయ్యాల మాదిరి వేలాడదీసినాను. తీగ వెంట వచ్చిన చుక్క ఆ అడుగునే జారి పడతాది.”

వాడు వంగి చూశాడు. పని తెలిసినవాడే, అది నాకు తెలుసు. గొట్టం నోట్లో తీగ చుట్టూ బిగించిన చెక్క బిరడాను గోటితో గీకాడు.

“ఈ చెక్క ఎవురు చెక్కింది?”

“నేనే నాయనా,” అన్నాడు ఫకీర్ సాహెబ్. ఉదయగిరిలో కొండ చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే పెద్దాయన. నా కోసం బస్సెక్కి వచ్చి మిల్లు మెట్టు మీద కూర్చున్నాడు. “నూనెలో నాలుగు దినాలు నానబెట్టినాను. తడి తగిలితే ఉబ్బి ఇంకా బిగుస్తాది.”

“గరిటెల సాయిబు కరెంటు పనికి దిగినాడా! అయితే రేపు నేను బిర్యానీ వండతా, అందరూ రాండి.”

“వండు నాయనా,” అన్నాడు ఫకీర్ సాహెబ్ నెమ్మదిగా. “సున్నం మాత్రం వెయ్యబాక.”

కళ్ళమంతా ఒక్కసారి గొల్లుమంది. పద్మావతమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిచ్చయ్య మొహం నల్లబడింది. నిచ్చెన దిగి నేరుగా ఆమె ముందరికి వచ్చి నిలబడ్డాడు.

“మా నాయన సున్నాన్ని చూసి నవ్వుతుండారు గదా మీరందరూ. ఈ మిల్లు మిద్దె ఎవురేసినారో జెప్పు పెద్దమ్మా.”

“మీ తాత,” అంది ఆమె, నవ్వాపి. “ఇప్పటిదాకా కారలా. అది నిజం.”

“విన్నారా? ఆయన మనవణ్ణి నేను. బస్టాండులో నన్ను పాడెలు కట్టేవాణ్ణి జేసినాడు వీడు. నా కూతురి బడికాడ పిల్లోళ్ళు అంటుండారు, మీ నాయన ముట్టుకుంటే సస్తారంట గదా అని.”

అది నాకు కొత్త సంగతి. గుచ్చుకుంది. అయినా తగ్గలేదు. పందెం మధ్యలో జాలిపడడం, తూకం మధ్యలో రాయి తీసెయ్యడం ఒకటే.

“మిద్దె లేచి వరికుంటపాడు దాకా నడిచి వచ్చిన దినం నీ సున్నానికి దండం పెడతా,” అన్నాను. “నా భార్య చెయ్యి కాలింది. నీ కూతురిని మాటే అన్నారు.”

“సాలు,” అంది పద్మావతమ్మ. “బిందెలు మొదలుపెట్టండి.”

పోసే ముందర ఆమె ఒక పని చేసింది. వ్యానులోకి ఎక్కి, తలుపులు బిగించి, కిటికీలకు గోనెపట్టాలు కట్టించి, ఆ చీకట్లో కప్పుకేసి చూసింది. పైన ఎండ మండుతోంది. రేకులో సూది మొనంత సందు ఉన్నా లోపలికి వెలుగు చుక్కలా కనబడుతుంది. పాత ధాన్యం కొట్లకు సందులు వెతికే పద్ధతి అది. చూసి దిగింది.

“వెలుతురు రాలా. కప్పు గట్టిగా ఉండాది.”

లోపల నేలంతా తెల్ల దుప్పటి పరిపించింది, చుక్క పడితే తెలిసేలా. ఆమె గుమాస్తా నారాయణయ్య లోపల కూర్చున్నాడు, చూడడానికి. బోరు దగ్గర నుంచి మనుషులు వరసగా నిలబడి బిందెలు అందించుకున్నారు. నిచ్చెన మీద ఇద్దరు, పోసేవాళ్ళు. ఒకడు నావైపు, ఇంకొకడు పిచ్చయ్యవైపు.

* * *

మొదటి బిందెలు పోస్తుంటే వానే అనిపించింది. నీళ్ళు కప్పు మీద పడి చిటపటలాడి నాలుగు వైపులా ధారలు కట్టాయి. గొట్టాల మీద పడిన నీళ్ళు వంపు మీదుగా జారాయి. తీగల ఉయ్యాలల అడుగున చుక్కలు వేలాడి, బరువెక్కి, రాలాయి. నేను అనుకున్నట్టే.

“పది,” అంది పద్మావతమ్మ. “ఏం నారాయణయ్యా?”

“పొడిగా ఉండాదమ్మా.”

“గొట్టం నోటికాడ పొయ్యండిరా, ఎక్కడో పోస్తారేంది,” అని పిచ్చయ్య అరిచాడు. గొట్టం నోటికాడే పోశారు. కింది నుంచి విసిరికొట్టారు కూడా. ఇరవై. ముప్పై. నారాయణయ్య లోపలి నుంచి పొడి పొడి అంటూనే ఉన్నాడు. నలభైకి పిచ్చయ్య మాట్లాడడం మానేశాడు. యాభైకి జనంలో ఎవరో, “పిచ్చయ్యన్నా, జెప్పాల్సిన మాట వల్లెవేసుకోరాదా,” అన్నారు.

నా లోపల ఎంత తేలిక అయిందో చెప్పలేను. వ్యాను పోతే నాకు రోడ్డు తప్ప ఇంకేమీ మిగలదు. ఆ భయం మూడు వారాలుగా నెత్తి మీద మూటలా ఉంది. యాభై ఐదుకి అది దిగింది. ఇటు తిరిగి కరీంబీకేసి నవ్వాను. ఆమె నాకేసి చూడడం లేదు. కప్పుకేసి చూస్తోంది.

అరవై రెండో గింజ పడింది.

“అమ్మా!” అని నారాయణయ్య కేకేశాడు. “పడింది! పడిందమ్మా!”

పిచ్చయ్య ఎగిరి గంతేశాడు. “నా బండి! తాళం ఇటు తేరా!”

“నీళ్ళు గాదమ్మా,” అన్నాడు నారాయణయ్య లోపలి నుంచే, అయోమయంగా. “నురగ.”

అందరం తలుపు దగ్గరికి తోసుకున్నాము. వెనక మూల, మేము పడుకునే చోటికి సరిగ్గా పైన, కప్పు నుంచి తెల్లటి నురగ సన్నగా సాగి, తెగి, దుప్పటి మీద పడింది. దాని వెనకే మంచి నీళ్ళు. టప్, టప్, టప్. నా గుండె మీద పడినట్టే ఉంది.

“తాళం,” అన్నాడు పిచ్చయ్య నా మొహం దగ్గర మొహం పెట్టి.

“ఆగరా,” అంది పద్మావతమ్మ. మళ్ళీ వ్యాను ఎక్కింది. నాలుగు తీగలూ దిగిన నాలుగు చోట్లా తన పొడి కొంగు అదిమి చూసింది. కొంగు తడవలేదు. వెనక మూలకు వెళ్ళి చూసింది. అక్కడ తీగ లేదు. దగ్గర్లో ఎక్కడా తీగ లేదు.

“ఇది తీగ బొక్క గాదు.”

“బొక్క గాదా?”

“బొక్కే. తీగ బొక్క గాదంటుండా. ఇంకా ముప్పై తొమ్మిది బిందెలు ఉండాయి. అన్నీ గొట్టాల మీదనే పొయ్యండి.”

పోశారు. నూటొక్కటో గింజ పడేదాకా ఆమె గిన్నె పట్టుకుని ఆ నాలుగు బొక్కల కిందే నిలబడింది. దిగి వచ్చి పొడి కొంగు ఎత్తి అందరికీ చూపించింది.

“వ్యాను బర్కతుల్లాది.”

అక్కడితో నేను ఊరుకుని ఉండాల్సింది. సరుకు అమ్ముడుపోయాక మాట్లాడేవాడు వ్యాపారి కాదని మా నాయన చెప్పేవాడు. కానీ ఆ నురగ నా కళ్ళ ముందర ఇంకా వేలాడుతోంది. నేను కొట్టని బొక్క. దాంట్లో సబ్బు కూరిన మనిషి ఎవడో ఉన్నాడు. సబ్బు ఉన్నంతసేపూ వెలుతురు కనబడదు. నీళ్ళు పోస్తే కరిగిపోతుంది. ఇంత తెలివిగా నా వ్యానుని ముంచాలని చూసేవాడు ఇంకెవడు?

పిచ్చయ్య చొక్కా పట్టుకున్నాను.

“నువ్వే కొట్టించినావు! గెలవలేనని తెలిసి నా కప్పుకి దొంగబొక్క కొట్టించినావు!”

“నేనా? నీ బండి దగ్గరికి నేను వచ్చినానా?”

“మనిషిని పంపినావు.”

జనం మారిపోయారు. ఇప్పటిదాకా నవ్వినవాళ్ళు ఇప్పుడు దగ్గరికి జరిగారు. ఎవడో వెనక నుంచి పిచ్చయ్యను భుజం పట్టి గుంజాడు. వాడి చొక్కా గుండీ తెగి నా చేతిలోకి వచ్చింది. “పందెంలో మోసం జేస్తావా,” అని ఇంకొకడు. పిచ్చయ్య కళ్ళలో భయం చూశాను. బాగుందనిపించింది.

“ఎవురూ చెయ్యి జేసుకోబాకండి,” అంది పద్మావతమ్మ. ఆమె గొంతు పెంచలేదు. అయినా చేతులు ఆగాయి. “బర్కతుల్లా, రుజువు జూపించు. వీడి పనే అయితే ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ వీడు మళ్ళీ తీగ ముట్టుకునేది లేదు. నాది మాట. పోయి చూడు.”

నిచ్చెన ఎక్కాను.

* * *

వెనక మూల మూటలు కట్టుకునే చెక్క పలకలు ఉన్నాయి. వాటి కింద వేలు పెట్టి తడిమాను. దొరికింది. చిటికెన వేలు పట్టనంత బొక్క. మేకు దెబ్బ.

దాని అంచు నా వేలికి గుచ్చుకుంది.

పైనుంచి మేకు కొడితే రేకు కిందికి వంగుతుంది. పిచ్చయ్య కొట్టిన బొక్కలతో మూడు వారాలు కుస్తీ పట్టినవాణ్ణి, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడ అంచు పైకి లేచి ఉంది, పువ్వు విచ్చుకున్నట్టు. ఈ మేకు కింది నుంచి వచ్చింది. వ్యాను లోపలి నుంచి.

పలక కింద నుంచి వేలు తీశాను. గోటి కింద సబ్బు ముక్క మిగిలింది. వాసన చూశాను. గంధం. బట్టలుతికే సబ్బు కాదు. ఉరుసులో నేనే కొనిచ్చాను, ముసురు పట్టకముందు. నా వ్యానులో ఆ సబ్బు ఒక్క బిళ్ళే ఉంది.

గొట్టాలు పెట్టి పని ముగించింది ఆదివారం సాయంత్రం. అప్పటినుంచి వ్యాను నా కళ్ళ ముందే ఉంది, నిన్న మధ్యాహ్నం నమాజుకు పోయిన గంట తప్ప. ఆ గంట లోపల గడియ వేసుకుని ఉన్నది ఒక్క మనిషే. కుడి చెయ్యి కట్టులో ఉన్న మనిషి. ఎడమ చేత్తో సుత్తి పట్టుకుని, బట్టల పెట్టె మీదకెక్కి, నెత్తి మీద రేకుకి మేకు దించింది. ఎన్ని దెబ్బలు వేసి ఉంటుంది? మిల్లు చప్పుడులో ఎవరికి వినబడుతుంది?

ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని వచ్చిన నాడు ఆమె నాతో అన్నది ఒక్కటే మాట. “నేను ఇంక ఈ రేకు కింద పండుకోను. ఒక గది బాడుగకు తీసుకో. మట్టి గోడలైనా సరే.” ఈ సీజను పోనీ అన్నాను. ఆరేళ్ళుగా అదే అంటున్నాను. పందెం సంగతి ఆమెకు నిన్ననే మిల్లు ఆడవాళ్ళు చెప్పి ఉంటారు. చుక్క పడితే వ్యాను పోతుందట అని. తీగ బొక్కా, మామూలు బొక్కా అన్న తేడా ఆమెదాకా పోయి ఉండదు.

“ఏమిరా? దొరికిందా?” పద్మావతమ్మ కింది నుంచి అడిగింది.

మూడువందల మొహాలు పైకి చూస్తున్నాయి. పిచ్చయ్య రెండు చేతులూ ఇద్దరు పట్టుకుని ఉన్నారు. నేను అవును అంటే చాలు. వాడి బతుకు ఆ కళ్ళంలోనే ముగుస్తుంది. బొక్క అంచు చూడడానికి ఇంకెవరూ ఎక్కరు. నిజం చెబితే నా ఇంటి సంగతి మూడువందల మంది నోళ్ళలో పడుతుంది. ఈ రెండూ కాని దారి ఒకటి ఉంది, అది నాకు బాగా ఖరీదు.

నిచ్చెన మీదివాడితో వ్యానులోంచి నా సుత్తి తెప్పించుకున్నాను. పలక పక్కకు జరిపి, ఒక్క దెబ్బతో ఆ పువ్వును రేకులోకి అణిచేశాను.

“తుప్పు బొక్క పెద్దమ్మా,” అన్నాను. “పాతది. పిచ్చయ్యకు సంబంధం లేదు. వదలండి వాణ్ణి.”

కళ్ళం చప్పబడింది. పద్మావతమ్మ చింతగింజల గిన్నె కింద పెట్టింది.

“తుప్పు బొక్కలోకి సబ్బు ఎట్టొచ్చిందిరా?”

ఆమెను ఎవరూ మోసం చెయ్యలేరని ముందే చెప్పాను.

“నేనే పెట్టినాను.”

“దేనికి?”

“నువ్వు లోపల వెలుతురు చూస్తావని తెలుసు. పాత బొక్క కనబడితే పేచీ వస్తాదని.”

“నన్నే మోసం జెయ్యాలనుకున్నావు,” అంది ఆమె. “పైపెచ్చు వీడి చొక్కా పట్టుకున్నావు.”

జనంలో నవ్వు మొదలైంది. ఇందాకటి నవ్వు కాదు. ఎవడో ఈల వేశాడు. “సబ్బు సాయిబూ!” అన్నాడు ఇంకొకడు. ఆ పేరు నాకు ఇరవై ఏళ్ళు అంటుకుని ఉంటుందని ఆ క్షణానే తెలిసింది. పిచ్చయ్య మాత్రం నవ్వలేదు. పైకి, నాకేసి, లెక్క కుదరనివాడిలా చూస్తున్నాడు. పని తెలిసినవాడు అన్నాను గదా. సుత్తి దెబ్బ ఎందుకు వేశానని ఆలోచిస్తున్నాడు.

“పందెం తీగల మీద. వ్యాను నీదే, ఆ తీర్పు మారదు,” అంది పద్మావతమ్మ. “కానీ మోసగాడికి ఇంకొకడి చేత పని రాదని చెప్పించుకునే హక్కు లేదు. బస్టాండులో అన్న మాట ఈడ వెనక్కి తీసుకో. గట్టిగా.”

కప్పు మీద నిలబడే చెప్పాను. నా మైకు హారన్లు రెండూ నా పక్కనే ఉన్నాయి, వాటి అవసరం లేకుండానే అందరికీ వినబడింది. పిచ్చయ్య పనివాడని, నేను అన్న మాట తప్పని, వాడి చేతికి తీగ ఇవ్వవచ్చని. మూడు వారాలు పళ్ళ మధ్య పట్టుకున్న మాట, ఉమ్మేసినట్టు పోయింది.

పిచ్చయ్య చొక్కా సర్దుకున్నాడు. గుండీ లేని చోట చెయ్యి పెట్టుకుని దండం పెట్టాడు, వంకరగా. “నీ దండం ఉంచుకో,” అన్నాను. “నువ్వే ఉంచుకోరా, బొక్కలో కూరుకో,” అన్నాడు వాడు, పోతూ.

నిచ్చెన దిగాను. జనం పల్చబడ్డారు. కరీంబీ గోడ వార నుంచి కదిలి, నా పక్కకు వచ్చి నిలబడింది. కట్టు ఉన్న చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. కొంగు బయటికి కనబడుతున్న ఆ చేతి బొటనవేలి మీద నల్లగా కమిలిన దెబ్బ. నిన్న సాయంత్రం అన్నం వడ్డిస్తూ తలుపులో నలిగిందని చెప్పింది. నేను తినడంలో పడి చూడలేదు.

గోటి కింది సబ్బు ఆమెకు చూపించాను. నేను కాపాడానని, ఊరి ముందర సిగ్గు నేను మోశానని ఆమెకు తెలియాలని. ఆమె వేలికేసి చూసింది, తర్వాత నా కళ్ళలోకి చూసింది. భయం లేదు, కృతజ్ఞత లేదు.

“ఒకటే దొరికిందా?” అంది.

వ్యాను ఎక్కి తలుపు వేసుకుంది.

ఉదయగిరి కొండ వైపు నుంచి మబ్బు కమ్ముకుని వస్తోంది. నాలుగు చేతికర్రలు కప్పు మీద తళతళలాడుతున్నాయి. వాటికింద చుక్క రాదు, అది నేను నిరూపించాను. ఆ దినం నేను గెలుచుకున్నది ఇది: ఎన్ని బొక్కలున్నాయో ఒక్క మనిషికే తెలిసిన ఇల్లు.